చెట్లు కోసే చేతులకు తిమ్మిర్లు: తేలిక మిషన్ కొంటే తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 41. నర్సీపట్నం దగ్గర ఊరు. 2014లో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో పడిపోయిన చెట్లు కోయడంతో ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు చింతపల్లి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టడం, చెట్లు కోయడం కాంట్రాక్టుకు తీసుకుంటాను. నలుగురు మనుషులున్నా రోజుకు ఏడెనిమిది గంటలు చైన్ సా నేనే పడతాను. మిషన్ ఆరు కిలోల పైమాటే, సాయంత్రానికి చేతులు లాగేస్తున్నాయి. చలికాలం పొద్దున బండి మీద వెళ్తుంటే రెండు మూడు వేళ్లు తెల్లగా అయిపోయి మొద్దుబారుతున్నాయి. రాత్రి తిమ్మిరికి మెలకువ వస్తోంది. మెడికల్ షాపులో ప్రీగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్ కలిసిన మాత్ర ఇచ్చారు, నెల నుంచి రోజుకు రెండు వేసుకుంటున్నాను. బీపీకి కూడా మందు వాడుతున్నాను. రోజంతా పట్టినా అలసట రాని తేలికైన ప్రొఫెషనల్ చైన్ సా ఏది? నాలుగు కిలోలది మంచిదా, అయిదు కిలోలదా? పాతది మా బావమరిదికి ఇచ్చేద్దామనుకుంటున్నాను.

జవాబు: మీరు అడిగింది మిషన్ గురించి. నా కళ్లు మాత్రం మీరు మాట వరసకు రాసిన తెల్లబడిన వేళ్ల దగ్గరే ఆగిపోయాయి. తర్వాత షాపులో ఇచ్చిన మాత్ర పేరు చదివాక మిషన్ బరువు సంగతి ఇంకా వెనక్కి పోయింది. అందుకని ముందు వేళ్లు, తర్వాత మాత్ర. మిషన్ ఆఖర్న.

చలికి వేళ్ల చివర్లు రక్తం లేనట్టు పాలిపోయి, కాసేపు స్పర్శ తెలియకుండా పోయి, వేడి తగిలాక మంట పుడుతూ ఎర్రబడుతుంటే అక్కడి సన్న రక్తనాళాలు బిగుసుకుపోతున్నాయని అర్థం. మోరిస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు 1862లో దీన్ని వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తాం. అదిరే పనిముట్లు ఏళ్ల తరబడి పట్టేవాళ్లకు ఇదే వస్తుందని 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు ఇండియానా సున్నపురాయి క్వారీల పనివాళ్లను చూసి రాశారు. అంటే వందేళ్లకు పైగా తెలిసిన జబ్బే. అయినా మన దగ్గర తిమ్మిరి అనగానే మీరేం పని చేస్తారని అడిగేవాళ్లు తక్కువ.

మీరు పదేళ్లు దాటి ఈ పనిలో ఉన్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఆ అదురు మీదే. పైగా మీ బండి హ్యాండిల్ కూడా అదిరేదే. లంబసింగి మీదుగా డిసెంబరు చలిలో వెళ్తే వేళ్లు ఏమవుతాయో నేను మీకు చెప్పక్కర్లేదు. రాత్రి తిమ్మిరికి లేచి చెయ్యి విదిలించుకుంటున్నారంటే, అదీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం కూడా తోడై ఉండొచ్చు. చిటికెన వేలు వైపు అయితే లెక్క వేరు. ఏ వేళ్లో మీరు రాయలేదు. మనిషిని చూడకుండా ఇదేనని తేల్చను. సుగర్, థైరాయిడ్, బి12 లోపం, మెడ దగ్గర నరం నలగడం, ఇవన్నీ ఇలాగే కనిపిస్తాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. అదురు తగ్గిస్తే వేళ్లు తెల్లబడటం చాలామందిలో కొంత నెమ్మదిస్తుంది. నరం దెబ్బతిని పోయిన స్పర్శ మాత్రం తిరిగి రావడం కష్టం. కొన్నాళ్ల కిందట క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టే ఒకాయన వచ్చాడు. కళ్లు మూసుకోమని చేతిలో ఒక రూపాయి బిళ్ల, ఒక అయిదు రూపాయల బిళ్ల పెట్టి ఏది ఏదో చెప్పమన్నాను. వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశాడు. అందులో ఒకటి జారి కింద పడింది. ఆ సంగతి తెలియక ఖాళీ వేళ్లే ఇంకా రుద్దుకుంటూ ఉన్నాడు. చొక్కా గుండీలు రెండేళ్లుగా వాళ్లావిడే పెడుతోందట. మరి రెండేళ్లూ ఏం చేశావయ్యా అంటే సంచిలోంచి మాత్రల అట్టలు తీసి బల్ల మీద పోశాడు. మీరు నెలకే రాశారు, అంతవరకు సంతోషం.

ఇప్పుడు మీ అట్ట సంగతి. ప్రీగాబాలిన్ నరాల నొప్పికి మేమూ రాస్తాం. కానీ మనిషిని చూసి, కిడ్నీల పనితీరు చూసుకుని, తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. తిమ్మిరి అనగానే పిప్పరమెంట్లలా చేతిలో పెట్టే మందు కాదది. మత్తుగా ఉంటుంది, తల తిరుగుతుంది, కొందరికి చూపు మసకబారుతుంది. రాత్రి వేసుకున్నది పొద్దుటి దాకా లాగొచ్చు. ఈ మాత్ర వాడే రిటైర్డ్ మాస్టారికి స్కూటరు జాగ్రత్త అని చెప్పి పంపిస్తాను నేను. మీరేమో నిమిషానికి పది వేల పైన తిరిగే ఇంజను పట్టుకుని కొమ్మల మధ్య నిలబడుతున్నారు! సాయంత్రం ఒళ్లు నొప్పులకని పెగ్గేసే అలవాటుంటే మత్తు ఇంకా పెరుగుతుంది. ఇంకో తంటా ఏమిటంటే, ఈ మాత్ర తిమ్మిరిని కప్పిపెడుతుందే గానీ అదురును ఆపదు. బాధ తెలియట్లేదు కదా అని ఇంకో గంట ఎక్కువ కోస్తారు.

అలాగని ఇది చదివి ఈ రాత్రే ఠక్కున మానేయకండి. నెలగా వాడుతున్నారు కాబట్టి మోతాదు తగ్గిస్తూ మాన్పించాలి. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలోనైనా సరే, ఈ వారమే డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా మిషన్ పట్టొద్దు, చెట్టెక్కొద్దు, బండి కూడా వేరేవాళ్లను నడపమనండి. దీనితోపాటు నరాల బలానికని ఇంకేమైనా వేసుకుంటున్నారా? బి6 విటమిన్ పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే అదే తిమ్మిర్లు తెస్తుంది. నొప్పి మాత్రలూ అంతే, ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా రోజూ వేసుకుంటే కిడ్నీలకు, కడుపుకు ముప్పు.

బీపీ మందు పేరు రాయలేదు. అటెనొలాల్, మెటోప్రొలాల్, ప్రోప్రనలాల్ లాంటి మందులు కొందరిలో వేళ్లు తెల్లబడటాన్ని పెంచుతాయి. మీది వాటిలో ఒకటైతే రాసిన డాక్టరుకు ఈ సంగతి చెప్పండి, మార్చాలా వద్దా ఆయన చూస్తారు. మీ అంతట మీరు ఆపితే గుండెకు ప్రమాదం. బీడీ, సిగరెట్టు సంగతి కూడా రాయలేదు. రాయలేదంటే అలవాటుందనే నా అనుమానం. నికోటిన్ కూడా ఆ రక్తనాళాలనే బిగిస్తుంది, మానేస్తే మందు కంటే ఎక్కువ పని చేయొచ్చు.

ఇక మిషన్. ఏ కంపెనీదని నన్నడగొద్దు, నాకు ఆ షాపు లేదు. ఈ పని చేసే పేషెంట్ల దగ్గర నేర్చుకున్నదీ, డాక్టరుగా నాకు తెలిసిందీ చెప్తాను. క్యాటలాగులో వేసే బరువు సాధారణంగా బార్, చైన్, పెట్రోలు, ఆయిల్ లేకుండా. అవన్నీ పడితే ఇంకో కిలో, కిలోన్నర కలుస్తుంది. మీ పనికి 50 సీసీ దరిదాపుల్లో, అయిదు కిలోల అటూ ఇటూ ఉండేది సరిపోవచ్చు. బరువు తగ్గితే భుజం, నడుము సుఖపడతాయి, కాదనను. వేళ్లకు కావాల్సింది వేరు. మరీ చిన్న మిషన్ లావు మానులో దిగక, మీరు బలంగా నొక్కుతూ ఎక్కువసేపు కోయాల్సి వస్తుంది, అప్పుడు తేలికది కొన్న లాభం పోయినట్టే. పైపిడి ఉండే బుల్లి మిషన్లు తాడు కట్టుకుని చెట్టెక్కేవాళ్ల కోసం చేసినవి. తేలిగ్గా ఉంది కదా అని నేల మీద వాటితో రోజంతా కోయకండి, ఎదురు తన్నితే అదుపు చేయడం కష్టం.

షాపులో బరువు అడిగే ముందు మాన్యువల్ తెరిపించి వైబ్రేషన్ అంకె చూడండి. సెకను స్క్వేర్‌కు ఇన్ని మీటర్లని రెండు పిడులకూ విడిగా ఉంటుంది. యూరప్‌లో 2002 నాటి నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిదినానికి సగటున 2.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటనివ్వకూడదు. ఆ లెక్కన 3.5 ఉన్న మిషన్‌తో సుమారు నాలుగు గంటలు కోస్తే 2.5కు చేరతారు. 7 ఉన్నదైతే ఒక్క గంటకే చేరతారు, నాలుగు గంటలకు ఆఖరి హద్దు కూడా వచ్చేస్తుంది. ఇది ట్రిగ్గర్ నొక్కి కోసిన సమయమే, టీ తాగింది కలపొద్దు. ఇదీ కొత్త మిషన్, పదునైన చైన్ లెక్క. చైన్ మొద్దుబారితే, పిడి దగ్గర అదురును ఆపే స్ప్రింగులు గానీ రబ్బరు బుష్‌లు గానీ అరిగితే అదురు ఎంత పెరుగుతుందో ఏ మాన్యువల్లోనూ ఉండదు. ట్యాంకు నింపినప్పుడల్లా ఆకురాయి పట్టండి.

కాబట్టి రోజంతా పట్టినా ఏమీ కాని మిషన్ నాకు తెలిసి లేదు. మనుషులున్నారు కదా, ఇద్దరు నేర్చుకుని అరగంటకొకరు చేతులు మార్చుకోండి. బ్యాటరీ మిషన్లు చాలావరకు తక్కువ అదురుతాయి, పొగా ఉండదు, కొమ్మల పనికి ఒకటి పెట్టుకోవచ్చు. గ్లౌజులు వేసుకోండి, వెచ్చదనానికి. అదురు ఆపుతాయని అమ్మే గ్లౌజుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చెవులకు మఫ్‌లు తప్పనిసరి. చైన్ సా మోత చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది, అంత మోత రక్షణ లేకుండా పావుగంటకు మించి వినకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడే అన్ని అట్టలూ తీసుకెళ్లండి. వేళ్లు తెల్లబడినప్పుడు బండి ఆపించి, గోళ్లు, అరచేయి కనిపించేలా ఫోన్లో ఫోటో తీయించండి. ఆసుపత్రికి వచ్చేసరికి అవి మామూలుగా అయిపోతాయి, మాకు ఎప్పుడూ కనిపించవు. పరగడుపు సుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సుగర్ సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు), బి12, క్రియాటినిన్ (కిడ్నీలకు) చేయించమంటారు. నరాల పరీక్ష అవసరమైతే విశాఖ కేజీహెచ్ న్యూరాలజీ ఓపీకి పంపవచ్చు. వేలు నల్లబడినా, పుండు పడినా, ఒక చేయి మాత్రమే ఉన్నట్టుండి చల్లబడిపోయినా, ఛాతీలో నొప్పి గానీ మూతి వంకర పోవడం గానీ ఉన్నా ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

పాత మిషన్ బావమరిదికి ఇస్తానన్నారు. ఆ బుష్‌లు మార్పించకుండా ఇవ్వకండి. ఇస్తే రెండు మూడు చలికాలాలయ్యాక ఆయన ఉత్తరం కూడా నాకే వస్తుంది.