వందేళ్లు దాటిన గడి అయితే రోడ్డు ఆగుతుందా?

ప్రశ్న: మాది ఉమ్మడి మెదక్ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఊరి నడుమ మా పెద్దలు కట్టించిన గడి, అంటే కోటలాంటి పెద్ద ఇల్లు, ఉంది. దర్వాజ మీద 1293 అని చెక్కి ఉంది కాబట్టి ఏడు వందల ఏళ్ల నాటిదని మా నాయన చెప్పేవాడు. నేను పుట్టింది, మా అమ్మ కన్ను మూసింది అందులోనే. ఊరి మీదుగా పోయే జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేస్తున్నారు. పన్నెండు రోజుల కింద పేపర్లో భూసేకరణ ప్రకటన వచ్చింది, అందులో మా జాగా కూడా ఉంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. వందేళ్లు దాటిన కట్టడాన్ని కూల్చకూడదని చట్టం ఉందట, నిజమేనా? హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను హైకోర్టు కాపాడినట్టు మాదీ కాపాడుతుందా? లోపల అమ్మవారి విగ్రహం పెట్టి గుడి అని బోర్డు కడితే ఎవరూ ముట్టుకోరని మా బావ అంటున్నాడు. రెండేళ్ల కింద నాలుగు టేకు స్తంభాలు అమ్మేశాం, మిగతాదంతా గట్టిగానే ఉంది. రోడ్డుకు అవతలి పక్క సర్కారు ఖాళీ జాగా ఉంది. – ఒక పాఠకుడు

జవాబు: మీరు ఇంత రాశారు కానీ గెజిట్ (ప్రభుత్వ అధికారిక పత్రిక) తేదీ రాయలేదు. మీ కేసు తేలేది ఆ ఒక్క తేదీ మీదే.

జాతీయ రహదారుల చట్టం, 1956లో సెక్షన్ 3ఎ కింద భూమి తీసుకుంటామనే నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు 3సి కింద అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. మీరు పేపర్లో చూసిన రోజు నుంచి లెక్క పెడుతున్నారు. పేపర్లో వేసేది గెజిట్‌లో వచ్చినదాని సారాంశమే, అది కొన్ని రోజులు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి మీకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయనుకుంటే పొరపాటు, బహుశా రెండో మూడో మిగిలి ఉంటాయి. గెజిట్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఈ జవాబు చదివిన గంటలోనే తెరిచి తేదీ చూడండి, షెడ్యూల్‌లో మీ జాగా నుంచి ఎన్ని చదరపు మీటర్లు తీసుకుంటున్నారో కూడా చూడండి. గడి మొత్తం పోతుందని మీరు నిద్ర మానుకున్నారు, తీరా చూస్తే పోయేది ముందున్న ప్రహరీ గోడా దర్వాజ మాత్రమే కావచ్చు. అది చూసుకోకుండా పన్నెండు రోజులు గడపడం మీ తప్పే. ఆ రోజుల్ని ఏ కోర్టూ మీకు తిరిగి ఇవ్వదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, అభ్యంతరాలు తేలాక సెక్షన్ 3డి కింద డిక్లరేషన్ వస్తుంది. అది గెజిట్‌లో పడిన రోజే భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోతుంది. ఆ తర్వాత మీరు మాట్లాడగలిగేది పరిహారం గురించే, గడి గురించి కాదు. 3ఎ వచ్చిన ఏడాదిలోపు 3డి రాకపోతే పాత నోటిఫికేషన్ దానంతటదే పోతుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

ఇక వందేళ్ల సంగతి. ఈ అపోహ చాలామందిలో ఉంది. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టంలో వందేళ్ల మాట ఉన్నది నిర్వచనంలో. అంటే వందేళ్లకు తక్కువ కాని కట్టడం రక్షణకు అర్హమైనది అని మాత్రమే. రక్షణ దొరకాలంటే దాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా ప్రభుత్వం నోటిఫై చేయాలి. అందుకు ముందు రెండు నెలల గడువుతో ప్రకటన ఇవ్వాలి. చార్మినార్‌కు, గోల్కొండకు, వరంగల్ కోటకు ఆ నోటిఫికేషన్ ఉంది కాబట్టే వాటి చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, దాని అవతల మరో రెండు వందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. రాష్ట్రంలో 2017 నుంచి హెరిటేజ్ చట్టం వేరుగా ఉంది, అక్కడా జాబితాలో చేరితేనే రక్షణ. మీ గడి ఏ జాబితాలోనూ ఉన్నట్టు మీరు రాయలేదు, ఉండి ఉంటే అదే మొదట రాసేవారు.

ఎర్రమంజిల్ గురించి అడిగారు. ఆ భవనం 1998లోనే హైదరాబాద్ వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. 2015లో ప్రభుత్వం రక్షణ నిబంధన తీసేసింది, 2019లో దాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అందంగా ఉందని కాదు, ఎప్పుడో జాబితాలో ఉంది, ప్రభుత్వం చట్టం చెప్పిన దారిలో ముందుకు పోలేదు కాబట్టి. మీ ఇంట్లో మూడు తరాల వాళ్లు గడి గొప్పతనం చెప్పుకున్నారు కానీ ఒక్కరూ ఒక్క దరఖాస్తు పెట్టలేదు. పెద్ద పెద్ద రోడ్లు ఊళ్ల మీదుగా వేయాలని ప్లాన్ గీసే ఇంజనీరుకు మీ గడి కాగితం మీద కనబడదు, గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల జాగాలో, ఒక ఇల్లుగానే కనబడుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. తెలంగాణలో ఇలాంటి గడులు ఎన్నో జాబితా బయటే ఉన్నాయి, వాటిని రోడ్డు ముట్టే రోజు వరకు ఎవరూ కదలరు.

మీ బావ గారి సలహా గురించి ఒకటే మాట, అది చేయకండి. రాత్రికి రాత్రి పెట్టిన విగ్రహాన్ని పాతదని అఫిడవిట్‌లో రాస్తే అబద్ధపు సాక్ష్యం అవుతుంది, గూగుల్‌లో పాత ఫొటోలు చూపించి అవతలి పక్షం ఒక్క నిమిషంలో తేల్చేస్తుంది. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలను కూడా జడ్జి నమ్మరు. ఇంకో ప్రమాదం ఎవరూ మీకు చెప్పి ఉండరు. జనం వచ్చి పూజలు చేసే గుడి అని మీరే రాసిస్తే, రేపు దేవాదాయ శాఖ వచ్చి 1987 చట్టం కింద అది ప్రజా దేవాలయం, మా పరిధిలోకి వస్తుంది అనవచ్చు. రోడ్డు పక్కకు జరిగినా గడి మీ చేతిలో ఉండదు.

గడి వయసు గురించి కూడా సరిగ్గా రాయండి. 1293 అంటే క్రీస్తు శకం కాదు. నిజాం కాలంలో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం వాడేవారు, దానికి 590 కలిపితే 1883 ప్రాంతం వస్తుంది. అది హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) అయితే 1876. రెండింట్లో ఏది అన్నది ఆ రాతి పక్కన ఉర్దూ అక్షరాలు ఉంటే చదివించుకోండి, తెలుస్తుంది. ఏడు వందల ఏళ్లని అభ్యంతరంలో రాస్తే నవ్వులపాలు అవుతారు, నూట నలభై ఏళ్లు పైబడిందని రాస్తే చాలు, అదే బలమైన మాట. ఆ రాతి ఫొటో, తేదీ కనబడేలా తీయించండి. పాత సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ లాంటి భూమి రికార్డులు, గ్రామ పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు బయటకు తీయండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మీ ఊరి పాత రికార్డులు వెతికించండి, కానీ దాని కోసం గడువు దాటనివ్వకండి. దొరికింది దొరికినట్టు తర్వాత జత చేయవచ్చు.

స్తంభాలు అమ్మిన విషయం మీరే ముందుగా రాయండి. ఎలాగూ అవతలివాళ్లు పట్టుకుంటారు, దాచిపెట్టారనే మాట మాత్రం రాకూడదు. ఇకపై ఒక్క తలుపు, ఒక్క దూలం కూడా కదపవద్దు, కొనేవాళ్లు గుమ్మంలోకి వచ్చినా పంపేయండి. గడి గొప్పదని వాదిస్తూ మీరే ముక్కలు అమ్ముకుంటే ఏ అధికారి నమ్ముతారు?

మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన వాక్యం చివరిది. అవతలి పక్క సర్కారు ఖాళీ జాగా ఉంటే, అభ్యంతరంలో మొదటి పాయింట్ అదే కావాలి. "నా గడిని వదలండి" అంటే దయ అడిగినట్టు, "రోడ్డు మధ్య గీతను ఇన్ని మీటర్లు అటు జరిపితే నూట నలభై ఏళ్ల కట్టడం మిగులుతుంది, ఖర్చు కూడా తగ్గుతుంది" అంటే అధికారి జవాబు చెప్పక తప్పదు. సర్వేయర్‌తో స్కెచ్ గీయించి, ఆ జాగా సర్వే నంబరు, విస్తీర్ణం రాసి జత చేయండి. రెండో పాయింట్‌గా, నిర్ణయానికి ముందు రాష్ట్ర హెరిటేజ్ శాఖ అభిప్రాయం తీసుకోవాలని కోరండి. అదే రోజు ఆ శాఖ డైరెక్టర్‌కు గడిని పరిశీలించి జాబితాలో చేర్చాలని వేరే దరఖాస్తు ఇవ్వండి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. వ్యక్తిగతంగా విచారణ అడిగే హక్కు 3సిలోనే ఉంది, దాన్ని కూడా రాయండి. మీ పెదనాన్న, చిన్నాన్న పిల్లలకు గడిలో వాటా ఉంటే వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి. ఒకరు రోడ్డు రావాలి, ఒకరు వద్దు అంటే అక్కడే పోతుంది.

అభ్యంతరం వినకుండా తోసేస్తే, లేదా 3డి రాకముందే హెరిటేజ్ శాఖ మీ దరఖాస్తు మీద కదలకపోతే, హైకోర్టులో రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్ వేయండి. ప్రజా ప్రయోజన వ్యాజ్యం అని కాదు, యజమానిగా మీ పేరు మీదే. ఎక్కువసార్లు కోర్టు "దరఖాస్తును చట్ట ప్రకారం పరిశీలించండి" అని ఆదేశిస్తుంది, అంతకు మించి హామీ నేను ఇవ్వలేను. కానీ ఆ ఆదేశం కూడా 21 రోజుల్లో అభ్యంతరం ఇచ్చినవాడికే పనికొస్తుంది.

గడి జాబితాలో చేరితే రేపు మీరే షాపులు కడదామన్నా, పై అంతస్తు వేద్దామన్నా అనుమతి కావాలి. ఇంట్లో అందరూ కూర్చుని అది ఒప్పుకుంటారో లేదో ఈ రాత్రే తేల్చుకోండి. పొద్దున్నే గెజిట్ కాపీ, స్కెచ్ పట్టుకుని భూసేకరణ అధికారి ఆఫీసుకు వెళ్లండి.