చిగురు మళ్లీ పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి, నాకు 46 ఏళ్లు. పళ్లు తోముకుంటే రక్తం వస్తోంది. కింది ముందు పళ్ల దగ్గర చిగురు జారిపోయి వేళ్లు కనిపిస్తున్నాయి, ఎడమవైపు దవడ పన్ను ఒకటి కదులుతోంది. ఎక్స్‌రే చూసి ఎముక అరిగిందన్నారు. నానో పదార్థంతో చేసిన పొర పెడితే క్రిములు చచ్చి చిగురూ ఎముకా మళ్లీ వస్తాయని మా అబ్బాయి ఫోన్‌లో వీడియో చూపించాడు. విశాఖలో పెడతారా? అప్పు చేసైనా వేయించుకుంటాను. ఇంకో మాట, నాకు పెళ్లికి ముందు నుంచీ గుడాఖు అలవాటు.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు అప్పు చేయకండి. వీడియోలో చూపించింది అబద్ధం కాదు గానీ, అది ఇంకా మీ దాకా రాలేదు.

పంటిని పట్టి ఉంచేది చిగురు ఒక్కటే కాదు. చుట్టూ ఎముక, ఆ ఎముకకీ వేరుకీ మధ్య సన్నని నారపోగులు ఉంటాయి. పాచి పేరుకుని గార కడితే వచ్చే వాపు ఏళ్ల తరబడి సాగి వీటన్నిటినీ తినేస్తుంది. లోపల శుభ్రం చేశాక ఆ ఖాళీలోకి ఎముక, నార కణాలు నెమ్మదిగా వస్తాయి, చిగురు పైచర్మం కణాలు మాత్రం గబగబా పాకి వచ్చి జాగా ఆక్రమించేస్తాయి, దాంతో పుండు మానుతుంది గానీ పోయింది తిరిగి రాదు. అందుకని మధ్యలో ఒక అడ్డుపొర పెట్టి ఎముకకి టైమ్ ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది, 1982లో స్వీడన్‌లో నైమన్ అనే చిగుళ్ల వైద్యుడి బృందం మనిషి నోట్లోనే అది పనిచేస్తుందని చూపించింది. తర్వాత వాడిన పొరల్ని తీయడానికి మళ్లీ ఇంకో ఆపరేషన్ చేయాల్సి వచ్చేది. ఇప్పుడు దానంతట అదే కరిగిపోయే కొలాజెన్ (చర్మంలో, ఎముకలో ఉండే ప్రొటీన్) పొరలున్నాయి.

అసలు చిక్కు క్రిములతోనే. నోరు ఎప్పుడూ క్రిములతో నిండి ఉండేదే కదా, కుట్టు కాస్త విడిపోయి పొర బయటపడిందంటే దాని మీదే అవి కాపురం పెడతాయి, ఆపరేషన్ ఫలితం చాలావరకు పోతుంది. నానో పొర ఈ చిక్కు కోసమే. పీసీఎల్ (ఒంట్లో నెమ్మదిగా కరిగిపోయే ప్లాస్టిక్), జెలటిన్, చైటోసాన్ (రొయ్య పెంకుల నుంచి తీసేది) లాంటి పదార్థాల ద్రావణాన్ని సూది మొన నుంచి వేల వోల్టుల విద్యుత్తుతో లాగితే వెంట్రుకలో వందో వంతు కంటే సన్నని పోగులు వస్తాయి. బీరతీగ పందిరిని పట్టుకుని పాకినట్టు మన కణాలు ఆ పోగుల్ని పట్టుకుని పెరుగుతాయి. వాటిలో వెండి లేదా జింక్ ఆక్సైడ్ నానో రేణువులో, మెట్రోనిడజోల్, డాక్సీసైక్లిన్ లాంటి మందులో కలిపితే కొన్నాళ్లపాటు క్రిముల్ని ఆపుతాయి. అయితే బ్యాక్టీరియా గోడని దెబ్బతీసే వెండి, మోతాదు మించితే ఎముక కట్టాల్సిన మన కణాల్నీ చంపుతుంది. ఆ మోతాదు కుదర్చడం దగ్గరే చాలా పరిశోధన నడుస్తోంది, అదీ ఎక్కువగా ల్యాబుల్లో, ఎలుకలు, కుందేళ్ల మీద. మీరు బరంపురం వెళ్లినా విశాఖ వెళ్లినా ఇవాళ మామూలుగా పెట్టేది కొలాజెన్ పొర, ఎముక పొడి.

అవైనా అందరికీ పనికిరావు. పంటి పక్కన ఎముకలో లోతుగా, ఇరుకుగా గుంట పడితే అక్కడ బాగా నిండుతుంది. వరసంతా సమానంగా అరిగిపోతే ఏ పొరా దాన్ని పైకి లేపలేదు. మీది ఏ రకమో ఎక్స్‌రే చూసి చెప్పమని డాక్టర్‌ని నేరుగా అడగండి. గీతలున్న సన్నని ప్రోబ్‌తో ప్రతి పన్ను చుట్టూ ఆరు చోట్ల లోతు కొలిచి రాయమనండి. 3 మిల్లీమీటర్ల వరకు ఫర్వాలేదు, 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న చోట వేరు మీద గార దాకా డీప్ క్లీనింగ్ చేయాలి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిపించుకోండి, వాపు తగ్గాక కదిలే పన్ను కొంత గట్టిపడటం నేను చాలామందిలో చూశాను. ఆపరేషన్ సంగతి ఆ లెక్కలు చూశాకే. ముందు పళ్ల దగ్గర జారిన చిగురుకి అంగిలి నుంచి కొంచెం కండ తీసి అతికే పద్ధతి ఉంది, పళ్ల మధ్య ఎముక మిగిలి ఉంటేనే బాగా కప్పుతుంది.

ఇక గుడాఖు. మన వైపు ఆడవాళ్లు పొద్దున్నే వేలితో చిగుళ్లకి రుద్దుకుని, మళ్లీ మధ్యాహ్నం వంట అయ్యాక రుద్దుకోవడం నేను రోజూ చూస్తున్నాను, నిజంగా బాధేస్తుంది. అది పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ముద్ద. నికోటిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి పుండు మానదు, ఎంత ఖరీదైన పొర పెట్టినా నిలవదు. మానేయడానికి సాయం కావాలంటే 1800-11-2356కి ఉచితంగా ఫోన్ చేయండి. చెంప లోపల, చిగురు మీద తెల్ల మచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ముందు అది చూపించుకోండి.

ప్రశ్న: నానో వెండి ఉన్న టూత్‌పేస్ట్ వాడితే చిగురు పెరుగుతుందా సార్?
– ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: పెరగదు తమ్ముడూ. పేస్టు పంటి పైన రెండు నిమిషాలుండి ఉమ్మితో పోతుంది, చిగురు కింద లోతుకి చేరదు. ఆ డబ్బుతో మెత్తని బ్రష్, పళ్ల సందుల్లో తిప్పే చిన్న బ్రష్ కొనుక్కో, రాత్రి పడుకునే ముందు తప్పకుండా వాడు.