పడవ ఎక్కేముందు చదువుకో

చి. సౌమ్యకి, పెదనాన్న ఆశీస్సులు.

కాకినాడ రేవు నుంచి కోరంగి మడ అడవుల దాకా నీళ్లలో ట్రైబ్యూటైల్ టిన్, మిథైల్ మెర్క్యురీ (పాదరసం ఉన్న విష రసాయనం) వెతుకుతానన్నావు. సంతోషం. నీ మెసేజ్ నిండా మాత్రం నీళ్లు పరీక్షించే మిషన్ గోలే ఉంది. దాని సంగతి ల్యాబ్‌వాళ్లు చూసుకుంటారు. నువ్వు బెంగ పెట్టుకోవాల్సింది సీసా గురించి.

ట్రైబ్యూటైల్ టిన్ ఓడల అడుగుకి నాచు, గుల్లలు పట్టకుండా పూసే రంగుల్లో ఉండేది. 2008 సెప్టెంబర్ నుంచి అంతర్జాతీయ ఒప్పందంతో నిషేధించారు. అయినా పాతది రేవుల అడుగు బురదలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. లీటరుకి ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వందకోట్లో వంతు ఉన్నా చాలు, కొన్ని ఆడ సముద్రపు నత్తలకి మగ లక్షణాలు వస్తాయి. అందుకే పీవీసీ పైపుతో నీళ్లు తోడకు. పీవీసీ తయారీలో టిన్ సమ్మేళనాలు వాడతారు, నీ శాంపిల్‌లో నీ పైపే కనబడుతుంది.

ఇంజను ఆపించు. పడవ ముందువైపు కూర్చుని, నీళ్లు వచ్చే దిక్కుకి చెయ్యి చాపి, పైతెట్టు తగలకుండా సీసా ముంచి లోపలే మూత తియ్యి. సీసా నువ్వొక్కదానివే పట్టుకో, సంచులూ తాళ్లూ తోడొచ్చినవాళ్లకి వదిలెయ్యి. తరవాత చీకట్లో, ఐసులో పెట్టు, ఎండకి ఆ రెండు రసాయనాలూ విరిగిపోతాయి.

మన డెల్టాలో అసలు చిక్కు పోటూ పాటూ. యానాం దగ్గర పాటుకి చప్పగా ఉన్న చోటే పోటుకి ఉప్పనవుతుంది. మిథైల్ మెర్క్యురీని ఆవిరయ్యే రూపంలోకి మార్చడానికి సోడియం టెట్రాఇథైల్ బోరేట్ వేస్తారు కదా, ఉప్పులోని క్లోరైడు దానికి అడ్డు తగులుతుంది. ముందు డిస్టిలేషన్ (కాచి ఆవిరి పట్టి ఉప్పు నుంచి వేరుచెయ్యడం) చెయ్యకపోతే పోటు శాంపిల్‌లో తక్కువ చూపిస్తుంది. నువ్వేమో సముద్రం శుభ్రంగా ఉందని రాసేస్తావు! నిలవకి వేసే యాసిడ్ కూడా వేరు: మంచినీళ్లకి హైడ్రోక్లోరిక్, ఉప్పునీళ్లకి సల్ఫ్యూరిక్. ప్రతి సీసా మీదా టైము, పోటో పాటో, ఉప్పదనం అక్కడికక్కడే రాయి.

ల్యాబ్‌లోని శుద్ధ జలం ఒక సీసాలో తీసుకెళ్లి, పడవలోనే ఇంకో సీసాలోకి ఒంపి తీసుకురా. అందులో పాదరసం కనబడితే ఆ రోజు శాంపిళ్ల మీద నమ్మకం పెట్టుకోకు. తెలిసిన మోతాదు కలిపి ఎంత తిరిగొస్తుందో చూసే పరీక్ష గోదావరి నీళ్లలోనే చెయ్యి. శుద్ధ జలంలో ఎవరికైనా నూటికి నూరు వస్తుంది.

"నాట్ డిటెక్టెడ్" అని రిపోర్టు ఇస్తే ఎంత తక్కువ మోతాదు వరకు చూడగలరో అడుగు. తాగునీటికి మన దేశంలో పాదరసం పరిమితి లీటరుకి ఒక మైక్రోగ్రాము, అంటే వెయ్యి నానోగ్రాములు. అక్కడిదాకే చూసే ల్యాబ్ నీ పనికి రాదు, మొహమాటపడకుండా చెప్పెయ్యి.

పోటు వేళలు చూసుకుని ఫోన్ చెయ్యి, యానాంలో పడవ నేను మాట్లాడి పెడతాను.

పెదనాన్న