"బెంగాలీ బ్యాచ్ వద్దు" అంటున్నారు ఓనర్. చట్టం ఏమంటుంది, కాగితాలు ఎలా చూడాలి?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌కి మీరు సూపర్‌వైజర్. టైల్స్‌కీ సెంట్రింగ్‌కీ పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్, మాల్దా జిల్లాల కుర్రాళ్లు వస్తున్నారు. ఓనర్ మాత్రం "వీళ్లలో బంగ్లాదేశోడెవడో మనకేం తెలుసు, రేపు పోలీసుల గొడవ" అని వద్దంటున్నారు.

మాట్లాడే భాషను పట్టి మనిషిది ఏ దేశమో తేల్చలేం. పశ్చిమ బెంగాల్‌లోనే కాదు, త్రిపురలో, అస్సాంలోని బరాక్ లోయలో కూడా ఊళ్లకు ఊళ్లు బెంగాలీ మాట్లాడతాయి. అంత దూరం ఎందుకు, మన కాగజ్‌నగర్ పక్కన నజ్రుల్‌నగర్‌లో ఉన్నది తూర్పు పాకిస్తాన్ నుంచి వస్తే ప్రభుత్వమే తెచ్చి నిలబెట్టిన బెంగాలీ కుటుంబాలు. వాళ్ల ఆధార్‌లో ఉండేది తెలంగాణ అడ్రసే. ఒడిశా మల్కన్‌గిరిలో అలా వచ్చినవాళ్ల ఊళ్లను ఎంవీ (మల్కన్‌గిరి విలేజ్) అక్షరాలు, పక్కన ఒక నంబరుతో పిలుస్తారు. కార్డు మీద ఊరి పేరు చోట అది కనబడగానే దొంగ కార్డని పక్కన పడేసేవాళ్లున్నారు. అది నిఖార్సైన అడ్రస్. "నీళ్లని పానీ అన్నాడంటే బంగ్లాదేశోడే" అనే మాట కూడా నమ్మకండి. ముర్షిదాబాద్ ముస్లింలు తరతరాలుగా పానీ అనే అంటారు, హిందువులు జల్ అంటారు. అది ఇంటి అలవాటు, సరిహద్దు గీత కాదు.

ఆధార్ మీద బెంగాలీ అక్షరాలుంటే "బంగ్లాదేశ్ కార్డు" అనేస్తారు. మన కార్డు మీద ఇంగ్లీషుతో పాటు తెలుగు ఉన్నట్టే వాళ్ల కార్డు మీద వాళ్ల భాష ఉంటుంది. కంటితో చూసి తేల్చకండి. ఆధార్ సంస్థ వాళ్ల యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, ఫొటో వస్తాయి, ఎదుట ఉన్న మనిషితో పోల్చుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. మీదీ కాదు, నాదీ కాదు. పౌరసత్వం తేల్చే పని సైట్ ఆఫీసుది కాదు. వచ్చిన మనిషి తను చెప్పిన మనిషేనా అన్నంతవరకే మీ బాధ్యత.

ఎక్కువ తేడా వచ్చేది పేర్ల దగ్గర. సేఖ్ అనే ఇంటిపేరు ఒక కార్డులో ఎస్‌కే అని, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది. గుంటూరు షేక్‌లు కూడా ఎస్‌కే అనే రాసుకుంటారు కదా, వాళ్లని అనుమానించం. మండల్, మొండల్ ఒకటే. పెళ్లయ్యాక ఆడవాళ్ల పేరు చివర ఖాతూన్ పోయి బీబీ వస్తుంది. వాళ్ల నోట 'వ' చాలాచోట్ల 'బ' అవుతుంది కాబట్టి మన విశ్వనాథ్ అక్కడ బిశ్వనాథ్. హాజరు పుస్తకంలో క్లర్కు చెవికి వినబడినట్టు రాసేస్తాడు, అదే స్పెల్లింగ్ పీఎఫ్‌కి పోతుంది, రెండేళ్ల తర్వాత ఆ మనిషి డబ్బు తీసుకోబోతే పేరు కలవలేదని ఆగిపోతుంది. ఆధార్‌లోని ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా చూసి ఎక్కించండి.

కాగితాల జాబితా అందరికీ ఒకటే ఉండాలి. గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, ఇంటి దగ్గర ఒకరి ఫోన్ నంబరు, పాత పీఎఫ్ నంబరు ఉంటే అది. శ్రీకాకుళం మేస్త్రీని నోటిమాట మీద తీసుకుని, మాల్దా మేస్త్రీని ఓటరు కార్డు, తండ్రి భూమి కాగితం అడిగితే అదే వివక్ష. పనిలో పరీక్ష కూడా అందరికీ ఒకటే పెట్టండి. ఒక బాత్రూమ్ ఇచ్చి టైల్స్ వేయించండి. నీళ్లు బయటికిపోయే జాలీ వైపు వాలుతున్నాయా, తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తోందా చూడండి. తెలుగు రావాలన్న షరతు పనికి అవసరమైతేనే పెట్టండి. ఫ్లాట్ కొనేవాళ్లతో మాట్లాడే ఉద్యోగానికి కావాలి, టైల్స్ వేసేవాడికి అక్కర్లేదు. క్రేన్ దగ్గర కావలసింది అందరికీ తెలిసిన చేతి సైగలు.

చట్టం సంగతి దాచకుండా చెబుతాను. రాజ్యాంగంలోని అధికరణం 16(2) పుట్టినచోటు, నివాసం పేరుతో వివక్ష వద్దంటుంది, కానీ అది సర్కారు ఉద్యోగాలకే. పార్లమెంటు చట్టంలో తెలంగాణ స్థానికుల ఉద్యోగాలకు సంబంధించిన సెక్షన్‌ను సుప్రీంకోర్టు 1969లో ఏవీఎస్ నరసింహారావు కేసులో కొట్టేసింది ఆ అధికరణం మీదే. తర్వాత వచ్చిన అధికరణం 371-డి స్థానిక రిజర్వేషన్ కూడా సర్కారు కొలువులకే, దాన్ని ప్రైవేటు సైట్‌కి సాకుగా వాడలేరు. ప్రైవేటు యజమాని భాష కారణంగా తీసుకోకపోతే నేరుగా నిలదీసే చట్టం మాత్రం మనకు లేదు. కూలీ, జీతాల మీద ఉన్న కేంద్ర చట్టం వేతనాల కోడ్ నియామకాల్లో లింగ వివక్షనే నిషేధించింది. ఈ లోటు నిజంగా బాధాకరం. అయితే ఒక భాషవాళ్లకు పౌరులుగా ఉన్న హక్కులు ఇవ్వొద్దని ప్రచారం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 197 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. గుంపు మేస్త్రీల వాట్సాప్ గ్రూపులో అలాంటి వాయిస్ మెసేజ్ పెట్టొద్దని ఓనర్‌కి గట్టిగా చెప్పండి. పని దొరకనివాళ్లు ఆ మెసేజ్‌ని రుజువుగా తేదీ, నంబరుతో సహా దాచుకోవాలి.

ఓనర్ భయం ఊరికే పుట్టలేదు. 2025లో ఢిల్లీ, గురుగ్రామ్, ఒడిశా, మహారాష్ట్రల్లో బెంగాలీ కూలీలను తనిఖీ పేరుతో పట్టుకెళ్లారు. భారతీయులనే కొందరిని సరిహద్దు దాటించి, తర్వాత వెనక్కి తేవలసివచ్చింది. తిరిగొచ్చిన కార్మికులకు నెలకు 5,000 రూపాయలిచ్చే శ్రమశ్రీ పథకాన్ని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆ ఆగస్టులో ప్రకటించింది. భయానికి మందు కాగితమే గానీ, పని మానిపించడం కాదు.

కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. అందులో సైట్ అడ్రస్, చేరిన తేదీ, రోజు కూలీ రాయండి. కూలీ బెంగాలీలకు తక్కువ, మనోళ్లకు ఎక్కువ అని ఉండకూడదు. ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లను భవన నిర్మాణ కార్మికుల బోర్డులో చేర్పించండి. సొంత రాష్ట్రంలో వలస కార్మికుల నమోదుకు ఉన్న కర్మసాథీ పోర్టల్‌లో పేరు ఎక్కించుకున్నారా అని అడగండి, లేకపోతే చేసుకోమనండి.

పోలీసులు తనిఖీకి వస్తే లెటర్, ఐడీ కాపీ, సొంతూరి పోలీసు స్టేషన్ నంబరు ఒకే చోట దొరకాలి. ఎవరినైనా తీసుకెళ్తే ఏ స్టేషన్‌కో రాసుకుని, ఇంటివాళ్లకు వెంటనే ఫోన్ చేయించండి. అరెస్టయితే 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఆలోపే ఊరి పంచాయతీ నుంచి ధ్రువీకరణ వాట్సాప్‌లో తెప్పించవచ్చు. ఈ ఫైలు ఒక కాపీ సైట్ ఆఫీసు బీరువాలో, ఒకటి ఆ కుర్రాడి దగ్గరే ఉండాలి. మేస్త్రీ సంచిలో ఉన్న కాగితం రాత్రి పదకొండింటికి దొరకదు.