నావికుల స్కర్వీకి మందు ఎలా దొరికింది? ఓడలో పనిచేసే అబ్బాయికి విటమిన్ మాత్రలు అవసరమా?

ప్రశ్న: మా అబ్బాయి మర్చంట్ నేవీలో పనిచేస్తున్నాడు. ఒక్కోసారి ఆరేడు నెలలు ఓడ మీదే ఉంటాడు. పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని ఈమధ్య ఫోన్‌లో చెప్పాడు. పూర్వం నావికులు స్కర్వీతో చనిపోయేవారని, నిమ్మరసంతో అది నయమైందని విన్నాను. ఆ సంగతి ఎలా కనిపెట్టారు? మావాడికి విటమిన్ సి మాత్రలు ఇచ్చి పంపమంటారా? - ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి స్కర్వీ ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ మాట ఎందుకు అంటున్నానో తెలియాలంటే, అసలు ఆ వ్యాధి ఎలా వస్తుందో, దాని మందు చేతికందిన తరువాత కూడా ఎలా జారిపోయిందో ముందుగా చెప్పాలి.

చర్మాన్ని, రక్తనాళాలను, చిగుళ్లను, ఎముకలను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ గట్టిపడటానికి విటమిన్ సి కావాలి. చాలా జంతువులు దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనిషికి ఆ శక్తి లేదు. ఆహారంలో అది బొత్తిగా కరువైతే ఒకటి నుంచి మూడు నెలల్లో నీరసం, కాళ్ల నొప్పులు మొదలవుతాయి. ఆపైన వెంట్రుకల కుదుళ్ల చుట్టూ రక్తపు చుక్కలు కనిపిస్తాయి, చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతుంది, చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. 1740లో నౌకాదళ అధికారి జార్జ్ ఆన్సన్ వెంట బయలుదేరిన బ్రిటిష్ నావికుల్లో అత్యధికులు తిరిగి రాలేదు. వారిలో ఎక్కువమందిని బలిగొన్నది శత్రువు కాదు, స్కర్వీయే. 1690 నాటి బాయిన్ యుద్ధంలో తగిలి, ఎప్పుడో మానిపోయిన గాయాలు ఒక నావికుడికి యాభై ఏళ్ల తరువాత ఆ యాత్రలో మళ్లీ తెరుచుకున్నాయని నమోదైంది. మానిన గాయం మానినట్టే ఉండాలన్నా శరీరం అక్కడ నిత్యం కొత్త కొల్లాజెన్‌ను నింపుతూ ఉండాలి కాబట్టి, వైద్యుడిగా నాకు ఇది నమ్మదగిన సంగతిగానే తోస్తుంది.

నిమ్మరసం గుణం అంతకుముందే కొందరికి తెలుసు. 1601లో ఈస్టిండియా కంపెనీ తొలి యాత్రకు నాయకత్వం వహించిన జేమ్స్ లాంకాస్టర్ తన ఓడలో వాళ్లకు రోజూ ఉదయం మూడేసి చెంచాల రసం తాగించాడు. అయితే దాన్ని పరీక్షకు పెట్టి చూపినవాడు శాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలోని సర్జన్ జేమ్స్ లిండ్. 1747 మే 20న ఆయన ఒకే స్థాయి జబ్బుతో ఉన్న పన్నెండు మందిని ఒకేచోట ఉంచి, అందరికీ ఒకే భోజనం పెట్టి, ఇద్దరిద్దరికి ఒక్కో మందు చొప్పున ఆపిల్ సైడర్, నీళ్లు కలిపిన గంధకామ్లం, వెనిగర్, సముద్రపు నీరు, వెల్లుల్లి ఆవాలతో చేసిన లేహ్యం ఇచ్చాడు. మిగిలిన ఇద్దరికి రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మపండు ఇచ్చాడు. ఆరు రోజులకే పండ్లు అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు పనిలోకి వెళ్లగలిగాడు, రెండోవాడు తక్కిన రోగులకు సేవ చేసే స్థితికి వచ్చాడు.

ఇంత స్పష్టమైన ఫలితం 1753లో అచ్చయినా నౌకాదళం వెంటనే అందుకోలేదు. అందుకు లిండ్ కూడా కొంత కారణం. తేమగాలి, జీర్ణదోషం వంటివి కూడా ఈ జబ్బు తెస్తాయని ఆయన నమ్మాడు. పైగా రసం నిల్వ ఉండటానికి దాన్ని గంటల తరబడి వేడిచేసి పాకంలా చిక్కబరచమన్నాడు. ఆ వేడికి విటమిన్ చాలావరకు నశించేది. ఆ పాకం పనిచేయకపోయేసరికి నిమ్మ మీదే అనుమానం వచ్చింది. 1794లో సఫోక్ అనే నౌక వేడిచేయని నిమ్మరసాన్ని చక్కెర కలిపి రోజూ అందరికీ ఇస్తూ, ఎక్కడా ఆగకుండా 23 వారాలు ప్రయాణించి మద్రాసు చేరింది. కొందరిలో లక్షణాలు కనిపించినా మోతాదు పెంచగానే తగ్గిపోయాయి. మరుసటి ఏడు గిల్బర్ట్ బ్లేన్ అనే వైద్యుడి పట్టుదలతో నౌకాదళం నిమ్మరసం పంపిణీకి ఒప్పుకుంది. లిండ్ అది చూడకుండానే 1794లో కన్నుమూశారు.

పందొమ్మిదో శతాబ్దంలో మధ్యధరా ప్రాంతపు పెద్ద నిమ్మకు బదులు వెస్టిండీస్ చిన్న నిమ్మరసం వాడటంతో రక్షణ తగ్గి, 1875-76లో ఉత్తర ధ్రువ యాత్రకు వెళ్లిన బ్రిటిష్ నావికులు మళ్లీ స్కర్వీ పాలయ్యారు. విటమిన్ సి అనే ఆ అసలు పదార్థాన్ని 1928లో వేరుచేసిన హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-జార్జీకి 1937లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మీ అబ్బాయి విషయానికి వద్దాం. నేటి ఓడల్లో శీతల గిడ్డంగులు ఉంటాయి; కూరగాయలు, పండ్లు తింటున్నంతకాలం స్కర్వీ రాదు. చిగుళ్ల రక్తానికి ఎక్కువగా కారణం పళ్ల మీద పేరుకున్న గార కనుక, సెలవుపై వచ్చినప్పుడు దంతవైద్యుడికి తప్పక చూపించండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పురుషులకు రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. ఒక మోస్తరు జామపండు పచ్చిగా తింటే అది సమకూరుతుంది. నిమ్మరసాన్ని వేడి చారులో మరిగించకుండా, దించిన తరువాత పిండుకోమనండి. పండ్లు, కూరగాయలు దొరకని ప్రయాణమైతే రోజుకు 100 మిల్లీగ్రాముల మాత్ర సరిపోతుంది. వెయ్యి, రెండు వేల మిల్లీగ్రాములు రోజూ మింగితే కొందరికి విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. కాళ్ల మీద రక్తపు చుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మానని పుండ్లు కూడా ఉంటే మాత్రం సెలవు వరకు ఆగకుండా ఓడలో వైద్య బాధ్యత చూసే అధికారికి వెంటనే చెప్పి, తరువాతి రేవులో రక్తపరీక్ష చేయించుకోమనండి.