రేడియో నాటకం వేయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

మీ ఊరి లైబ్రరీ హాల్లో ఈ డిసెంబర్‌లో ‘ఎ క్రిస్మస్ కరోల్’ని లైవ్ రేడియో నాటకంగా వేస్తున్నారని, డైరెక్షన్ నీకే అప్పజెప్పారని విని చాలా సంతోషపడ్డాను. ఫోన్లో నువ్వడిగినవాటికి అప్పటికప్పుడు తోచింది చెప్పాను గానీ, ఇలాంటివి కాగితం మీద ఉంటేనే నీకు పనికొస్తాయి. విజయవాడ ఆకాశవాణిలో డ్రామా ఆర్టిస్టుగా మైకు ముందు నిలబడ్డ రోజుల నుంచి, ఈ దేశం వచ్చాక కమ్యూనిటీ థియేటర్లలో సౌండ్ ఎఫెక్ట్స్ బల్ల దగ్గర నిలబడేదాకా నేను నేర్చుకున్నదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని కూర్చున్నా కథ పూర్తిగా అందాలి. కళ్లు తెరిస్తే కనిపించేదంతా కొసరు.

ముందు స్క్రిప్టు సంగతి. చార్లెస్ డికెన్స్ రాసిన ఈ పుస్తకం 1843 డిసెంబర్ 19న లండన్‌లో వచ్చింది కాబట్టి దానికి హక్కుల గొడవ లేదు. కానీ ఈమధ్యకాలంలో దాని మీద రాసిన రేడియో స్క్రిప్టులకు, సినిమాల వాళ్లు చేర్చిన మాటలకు, పాటలకు హక్కులుంటాయి. అచ్చయిన స్క్రిప్టు తీసుకుంటే లైసెన్సు ఫీజు కట్టాలి. వీడియో తీసి నెట్‌లో పెట్టాలంటే దానికి వేరే అనుమతి కావాలి. నన్నడిగితే పుస్తకం ముందు పెట్టుకుని నువ్వే రాసుకో. ఆయన రాసిన మాటల్లోనే బోలెడంత నాటకం ఉంది.

ఎంత కొయ్యాలి అని భయపడుతున్నావు కదా. 1853 డిసెంబర్ 27న బర్మింగ్‌హామ్ టౌన్ హాల్లో డికెన్స్ స్వయంగా ఈ కథను జనం ముందు చదివితే దాదాపు మూడు గంటలు పట్టింది. ఆ తర్వాత ఊరూరా చదువుతూ, తన పుస్తకంలోనే పేరాలకు పేరాలు కొట్టేసి, గంటన్నర దాకా కుదించుకున్నాడు. ఆయన గీతలు పెట్టుకున్న ఆ ప్రతి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. రాసినవాడే కోసుకున్నాక నువ్వు జంకడం దేనికి? పుస్తకంలో 28,000 మాటల పైచిలుకు ఉన్నాయి. మైకు ముందు నిమిషానికి 150 మాటలు నడుస్తాయనుకుంటే గంటకు 9,000. కానీ సంగీతానికి, శబ్దాలకు, నిశ్శబ్దానికి కూడా టైమ్ కావాలి కాబట్టి 7,000 దగ్గర ఆగు. పిసినారి స్క్రూజ్‌కి గతం, వర్తమానం, భవిష్యత్తు చూపించడానికి వచ్చే మూడు ఆత్మల్లో రెండోది అతణ్ణి లైట్‌హౌస్‌కి, ఓడ మీదికి తీసుకెళ్లే భాగం పోయినా ఎవరూ అడగరు. శబ్దం ఉన్న వాక్యం కనిపిస్తే మాత్రం కత్తెర వెయ్యకు. స్క్రూజ్ గుమాస్తా క్రాచిట్ వాళ్లింట్లో ఉడుకుతున్న బంగాళాదుంపలు మమ్మల్ని బయటికి తీయండని గిన్నె మూతను తడుతున్నాయని రాశాడాయన. ఒక సత్తుగిన్నె, ఒక మూత ఉంటే చాలు, ఆ ఇంట్లో ఆకలి, సందడి రెండూ జనానికి అందేస్తాయి.

స్క్రూజ్ చనిపోయిన వ్యాపార భాగస్వామి మార్లీ దెయ్యమై వచ్చే ఘట్టాన్ని ఒకసారి నిదానంగా చదువు. స్క్రూజ్ గదిలోకి వచ్చి తలుపుకి రెండు తాళాలు బిగించుకుంటాడు. ఎన్నాళ్లుగానో వాడని గంట ఒకటి తనంతట తానే ఊగడం మొదలవుతుంది. ముందు చప్పుడు వినిపించీ వినిపించకుండా ఉంటుంది. కాసేపటికి ఇంట్లో గంటలన్నీ మోగుతాయి. అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. అప్పుడు ఎక్కడో కింద, నేలమాళిగలో గొలుసు ఈడుస్తున్న చప్పుడు. మాళిగ తలుపు ధడేలుమని తెరుచుకుంటుంది. గొలుసు చప్పుడు కింది అంతస్తులోకి, తర్వాత మెట్ల మీదికి, తర్వాత నేరుగా గది తలుపు వైపుకి వస్తుంది. రేడియో పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందు రాసిన పుస్తకంలో సౌండ్ స్క్రిప్టు రెడీగా ఉంది చూడు. ఇక్కడ వ్యాఖ్యాతకు ఒక్క ముక్క కూడా ఇవ్వకు. స్క్రూజ్ ఊపిరి తప్ప మనిషి గొంతు వద్దు. గొలుసు మైకుకు దూరంగా, గోడ పక్కన, చెక్కపెట్టె మీద మొదలవ్వాలి. అది పట్టుకున్న మనిషి ఒక్కో అడుగే మైకు దగ్గరకు రావాలి. మార్లీ గొలుసుకు డబ్బుపెట్టెలు, తాళంచెవులు, తాళాలు, లెడ్జర్లు వేలాడుతుంటాయి కాబట్టి ఒట్టి గొలుసు సరిపోదు. పాత తాళాల గుత్తి, ఒక చిన్న రేకు పెట్టె దానికి కట్టు. అప్పుడు ఆ చప్పుడులో బరువు, గలగల రెండూ పలుకుతాయి.

మిగతా ఎఫెక్ట్స్‌కి పెద్ద ఖర్చు లేదు. తోలు సంచిలో కార్న్‌స్టార్చ్ నింపి పిసికితే మంచులో నడకే. సెలోఫేన్ కాగితాన్ని మైకు దగ్గర నెమ్మదిగా నలిపితే కుంపటి. గాలికి మాత్రం చెక్కపట్టీలు కొట్టిన డ్రమ్ము మీద కాన్వాస్ గుడ్డ బిగించి చేత్తో తిప్పే యంత్రం చేయించు. తిప్పే వేగాన్ని బట్టి గాలి ఈల పెరుగుతుంది, తగ్గుతుంది. రికార్డు చేసిన గాలి నీ నటుడి గొంతు కోసం ఆగదు, ఈ చేతి యంత్రం ఆగుతుంది. ఎఫెక్ట్స్ ఇద్దరికి అప్పజెప్పు. వాళ్లని రెండో రిహార్సల్ నుంచే నటులతో కలిపి కూర్చోబెట్టు. ఆఖరి వారంలో పిలిస్తే శబ్దాలు మాటల పక్కన అతికించినట్టుంటాయి.

ఇక ఈ కథలో అసలు చిక్కు మూడో ఆత్మ. భవిష్యత్తు చూపించే ఆత్మ పుస్తకం పొడుగునా ఒక్క మాట మాట్లాడదు. నల్లటి ముసుగులోంచి ఒక చెయ్యి మాత్రం చాచి చూపిస్తుంది. స్టేజీ మీద అది గొప్పగా ఉంటుంది, రేడియోలో కనిపించదు, వినిపించదు. కొందరు దానికి ఒక గంభీరమైన గొంతు ఇస్తారు. దయచేసి ఆ పని చెయ్యకు. జవాబు రాకపోవడమే స్క్రూజ్‌ని విరిచేస్తుంది. నేనైతే దానికి ఒక్క శబ్దం కేటాయిస్తాను. డ్రమ్స్ వాయించేవాళ్ల సింబల్ (గుండ్రటి లోహపు పళ్లెం) అంచును వయొలిన్ కమానుతో నెమ్మదిగా రాస్తే, ఎక్కడి నుంచి మొదలైందో తెలియని సన్నటి మోత ఒకటి పుడుతుంది. స్క్రూజ్ ప్రశ్న అడుగుతాడు. ఒక క్షణం ఏమీ ఉండదు. ఆ మోత వస్తుంది. స్క్రూజ్ ఆత్మ చూపించిన వైపు తిరిగి తాను చూస్తున్నది చెబుతాడు. ఈ వరస మూడుసార్లు నడిచేసరికి జనానికి ఆ చెయ్యి కనిపించడం మొదలవుతుంది. స్క్రూజ్ మాట్లాడుతుండగా ఆ మోత రాకూడదు. నాటకంలో మరెక్కడా దాన్ని వాడకూడదు. సమాధుల దగ్గర స్క్రూజ్ బతిమాలుతున్నప్పుడు అది రాకుండా ఆపి చూడు, హాలు బిగుసుకుపోతుంది.

క్రాచిట్ చిన్నకొడుకు టైనీ టిమ్ చంకకర్ర గురించి విడిగా చెప్పాలి. బాబ్ క్రాచిట్ ఇంట్లో పండగ భోజనం వేళ ఆ కర్ర చప్పుడు నేల మీద వినిపిస్తుందని పుస్తకంలోనే ఉంది. ఒక గట్టి కర్రకు కింద రబ్బరు లేకుండా చూడు. పలక మీద ఒక టక్కు, వెంటనే చిన్న అడుగు, మళ్లీ టక్కు. పిల్లాడి నడకకు సరిపోయేలా తేలిగ్గా, కాస్త హుషారుగా ఉండాలి. దాన్ని జనం చెవుల్లో బాగా నాటు. టిమ్ మాట్లాడే ముందల్లా కర్ర చప్పుడే ముందు రావాలి. తర్వాత భవిష్యత్తులో అదే ఇల్లు వస్తుంది. డికెన్స్ అక్కడ ఇల్లు నిశ్శబ్దంగా ఉందని రాసి, చాలా నిశ్శబ్దంగా ఉందని మళ్లీ రాస్తాడు. నువ్వు అక్కడ విషాద సంగీతం పెట్టకు. బాబ్ లోపలికొస్తాడు, తలుపు మూసుకుంటుంది, అడుగులు వినిపిస్తాయి, కర్ర వినిపించదు. పిల్లాడు లేడన్న సంగతి ఎవరూ చెప్పకుండానే జనానికి తెలిసిపోతుంది. రెండు సెకన్లు ఎక్కువ తీసుకో. లైవ్‌లో రెండు సెకన్ల నిశ్శబ్దం అంటే నటులకు టెన్షన్, ఎవరో మాట మర్చిపోయారనుకుని ఇంకొకరు అందుకుంటారు. అందుకే ఆ నిశ్శబ్దాన్ని స్క్రిప్టులో ఒక డైలాగులాగే రాసి, రిహార్సల్‌లో వాచీ పెట్టి లెక్కించు.

చూడ్డానికి వచ్చిన జనం విషయంలో ఒక జాగ్రత్త ఉంది. పెద్దమనిషి ఒకడు సంచి పిసుకుతుంటే మంచులో నడక వినపడటం వాళ్లకి భలే ముచ్చటగా ఉంటుంది, నవ్వుతారు. నవ్వనీ. మొదటి సగంలో ఎఫెక్ట్స్ బల్లను ముందుకే పెట్టు, వెలుతురు బాగా పడనీ. కానీ సమాధుల దగ్గర స్క్రూజ్ మోకాళ్ల మీద పడినప్పుడు ఆ నవ్వు వస్తే ఘట్టం పోయినట్టే. భవిష్యత్తు ఆత్మ వచ్చే నాలుగో భాగం మొదలవగానే బల్ల మీది లైటు తీసేసి, స్క్రూజ్ మైకు మీద ఒక్క దీపం ఉంచు. 1940ల స్టూడియోలా ఉండాలని మధ్యలో ఉత్తుత్తి సబ్బు ప్రకటనలు పెడదామన్నావు కదా, పెట్టుకో. ఒకటి రెండు చాలు, లేని బ్రాండ్ల పేర్లు కల్పించుకో, అన్నీ మొదటి సగంలోనే అయిపోవాలి. టిమ్ పోయిన ఘట్టానికీ స్క్రూజ్ నిద్ర లేవడానికీ మధ్య ప్రకటన పెడితే నేను మాత్రం ఊరుకోను.

నటుల గురించి. మన నాటక పరిషత్తుల్లో పెరిగినవాళ్లకి గొంతు ఆఖరి వరస దాకా విసరడం అలవాటు. రేడియోలో ఆఖరి వరస జానెడు దూరంలో ఉంటుంది, అదే మైకు. కోపాన్ని కూడా తగ్గించి పలకాలి. ‘ప’, ‘బ’లు మైకును కొట్టకుండా కొంచెం పక్కకు తిరిగి మాట్లాడమను. కేకలన్నీ మైకుకు దూరం జరిగి వెయ్యాలి. క్రిస్మస్ పొద్దున స్క్రూజ్ కిటికీ తెరిచి కింద ఉన్న కుర్రాణ్ణి ఇవాళ ఏం రోజని అడిగే చోట ఇది బాగా తెలుస్తుంది. స్క్రూజ్ మైకు దగ్గరే ఉండి, కింద ఉన్నవాడితో మాట్లాడుతున్నట్టు గొంతు సాగదీస్తాడు. కుర్రాడు నాలుగడుగులు వెనక్కి నిలబడి పైకి చూసి అరుస్తాడు. కిటికీ ఎత్తు జనానికి తెలిసిపోతుంది. నలుగురైదుగురే నటులుంటే ఒక్కొక్కరు చాలా పాత్రలు వెయ్యాల్సొస్తుంది. పక్కపక్క ఘట్టాల్లో ఒకే గొంతు రాకుండా పంచు. బ్రిటిష్ యాస ఎవరూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. మాట వేగం, గొంతు ఎత్తు మార్చుకుంటే పాత్రలు విడిపోతాయి.

స్క్రూజ్ వేసే ఆయనకు 1939 డిసెంబర్ 24న ‘క్యాంప్‌బెల్ ప్లేహౌస్’ అనే అమెరికా రేడియో నాటకాల కార్యక్రమంలో ప్రసారమైన ఈ నాటకం రికార్డింగ్ వినిపించు. ఆర్సన్ వెల్స్ వ్యాఖ్యాత, లయొనెల్ బారీమోర్ స్క్రూజ్. బారీమోర్ 1934 నుంచి చాలా ఏళ్లు ఇంచుమించు ప్రతి క్రిస్మస్‌కూ అమెరికా రేడియోలో ఈ పాత్ర వేశాడు. అనుకరించమని కాదు, గొంతుతో ఎంత చెయ్యొచ్చో తెలియాలని. ఆఖరి భాగంలో వచ్చే నవ్వు ముఖ్యం. ఏళ్ల తరబడి నవ్వు అలవాటు తప్పినవాడు నవ్వుతున్నాడు కాబట్టి అది ముందు తుప్పు పట్టి, దగ్గులా మొదలవ్వాలి. అంతకుముందు ఎక్కడా ఆయన్ని నోరారా నవ్వనివ్వకు.

చిన్న చిన్నవి కొన్ని. స్క్రిప్టు పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే అచ్చు వేయించు. స్టేపుల్ చెయ్యొద్దు, విడి కాగితాలైతే చప్పుడు లేకుండా జారిపోతాయి. వాక్యం పేజీ చివర తెగి రెండో పేజీలోకి పోకూడదు. గాజులు, పట్టీలు, గరగరలాడే నైలాన్ జాకెట్లు ఆ సాయంత్రానికి ఇంట్లోనే. నటులకి రబ్బరు అడుగు బూట్లు, ఎఫెక్ట్స్ వాళ్లకి గట్టి మడమల బూట్లు. టిమ్ వేసే పిల్లాడికి మైకు అందడానికి పీట వేస్తే దానికింద కార్పెట్ ముక్క పెట్టు. నువ్వు ముందు నిలబడి సైగలు చెయ్యి. వేలు చూపిస్తే మొదలుపెట్టాలి, చేతులు దూరం జరిపితే సాగదియ్యాలి, వేలు గుండ్రంగా తిప్పితే వేగం పెంచాలి, ముక్కు తాకితే టైముకే నడుస్తున్నాం. పాత స్టూడియో సైగలివి, మొదటి రోజే నేర్పు.

చివరి రెండు రిహార్సల్స్‌కి నువ్వు స్టేజీ వైపు వీపు పెట్టి కూర్చో. ఇంకా మంచిది, ఈ కథ తెలియనివాళ్లని ఒకరిద్దరిని పక్క గదిలో స్పీకర్ ముందు కూర్చోబెట్టి, అయ్యాక కథ చెప్పమను. వాళ్లకి ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో అంతుపట్టలేదో అక్కడ నీ స్క్రిప్టులో ఒక పేరో, ఒక అడుగుల చప్పుడో తక్కువైంది.

స్క్రిప్టు మొదటి ప్రతి అవగానే పంపు. ఎఫెక్ట్స్ గుర్తులు పెట్టి, పేజీకి ఎన్ని సెకన్లో రాసి వారంలో తిప్పి పంపుతాను. గొళ్లెం, తాళం ఉన్న చిన్న తలుపు చట్రం ఒకటి నా గ్యారేజీలో ఉంది. స్క్రూజ్ రెండు తాళాలు వేస్తాడు కాబట్టి రెండో తాళం కూడా బిగించి, థ్యాంక్స్‌గివింగ్‌కి వచ్చేటప్పుడు కారులో వేసుకొస్తాను. మొయ్యడానికి ఇద్దరు కావాలి, ఎవరినైనా సిద్ధంగా ఉంచు.

ఆశీస్సులతో,
మామయ్య