పెద్ద టైర్లు వేశాక బండి ఎందుకు వేడెక్కుతోంది?

ప్రశ్న: నాది 2008 నాటి మహీంద్రా బొలెరో పికప్. చోడవరం నుంచి పాడేరుకు సిమెంటు, కిరాణా సరుకులు తోలుతాను. దిగేటప్పుడు కాఫీ బస్తాలు, మిరియాలు తెస్తాను. కొండదారిలో రాళ్లు అడుగుభాగానికి తగులుతున్నాయని నాలుగు నెలల క్రితం 215/75 ఆర్ 15 టైర్లు తీసేసి 235/75 ఆర్ 15 టైర్లు వేయించాను. అప్పటి నుంచి లోడుతో ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. మైలేజీ కూడా లీటరుకు 12 నుంచి 11 కిలోమీటర్లకు పడిపోయింది. ఇంజన్ ఫ్యాను పీకేసి, పాత కార్ల కరెంటు ఫ్యాన్లు రెండు బిగిస్తే వేడి తగ్గుతుందనీ, పుల్లింగ్ కూడా పెరుగుతుందనీ మా మెకానిక్ చెబుతున్నాడు. చేయించమంటారా?
— ఒక పాఠకుడు, చోడవరం

జవాబు: ఇంజన్ ఫ్యాను మాత్రం తీయించకండి. మీరు టైర్ల సంగతి, వేడి సంగతి, మైలేజీ సంగతి మూడుగా రాశారు గాని, నాకు అవి ఒకే తీగకు కాసిన కాయల్లా కనిపిస్తున్నాయి. కాబట్టి టైర్ల దగ్గరే మొదలుపెడతాను.

టైరు కొలతలో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. మీ పాత టైరు వ్యాసం ఆ లెక్క ప్రకారం సుమారు 703 మిల్లీమీటర్లు, కొత్తదాని వ్యాసం 733. తేడా 30 మిల్లీమీటర్లే. అందులో సగం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే బండి అడుగుభాగం నేల నుంచి పైకి లేచింది. రాళ్లు తగలకుండా ఉండడానికి మీకు దక్కిన లాభం అంతే. దానికి బదులుగా చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఇదివరకటికన్నా నాలుగు శాతం పైగా ఎక్కువ దూరం పోతోంది. ఫలితంగా ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగే బలం దాదాపు అంతే శాతం తగ్గింది. చదును రోడ్డు మీద ఈ తేడా మీకు తెలియదు. లోడుతో ఘాట్ మలుపు తిరిగేటప్పుడు, రెండో గేరులో అంతకుముందు అలవోకగా ఎక్కిన చోట ఇప్పుడు ఇంజన్ గొంతు పూడుకుపోయినట్లు మూలుగుతుంటే మాత్రం అక్కడ తెలుస్తుంది.

మైలేజీ విషయంలో సగం తప్పు మీటరుదే. మీ బండి మీటరు చక్రం చుట్లను లెక్కించి పాత టైరు కొలత ప్రకారమే కిలోమీటర్లు చూపుతుంది. ఇప్పుడు మీరు 104 కిలోమీటర్లు తిరిగితే అది 100 అనే చెబుతుంది. మీటరు ప్రకారం లీటరుకు 11 వచ్చిందంటే, నిజానికి వచ్చింది పదకొండున్నరకు దగ్గర. మిగిలిన అర కిలోమీటరు ఇంజన్ పడుతున్న శ్రమకూ, వెడల్పు టైరు రాపిడికీ పోతోందని అనుకోవచ్చు. మీటరు ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు బండి నిజమైన వేగం 62 దాటి ఉంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఇక వేడి సంగతి. నాలుగు శాతం తేడాకే నీళ్లు మరగవు. ఇదివరకే అంచున నిలబడి ఉన్న శీతలీకరణ వ్యవస్థను ఆ నాలుగు శాతం ఒక్క తోపు తోసింది. డీజిలు మండగా పుట్టే వేడిలో దాదాపు పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి, రేడియేటరు గుండానే బయటికి పోవాలి. ఇంజన్ పూర్తి బలంతో పనిచేస్తూ బండి మాత్రం ఇరవై కిలోమీటర్ల వేగంతో పాకుతున్నప్పుడు ఎదురుగాలి సాయం పెద్దగా ఉండదు, భారం దాదాపు అంతా ఫ్యాను మీదే పడుతుంది. మీ ఫ్యాను బెల్టుతో ఇంజన్‌కు కట్టి ఉంది గనుక ఇంజన్ మెల్లగా తిరిగితే ఫ్యానూ, వాటర్ పంపూ మెల్లగానే తిరుగుతాయి. పెద్ద టైరు వల్ల బండి అదే వేగంలో ఇంజన్ చుట్లు తగ్గాయి, మీరు యాక్సిలేటరు ఇంకా గట్టిగా తొక్కుతున్నారు. వేడి పెరిగింది, గాలి తగ్గింది. అందువల్ల మొదటి మందు ఖర్చులేనిది: మలుపుకు ముందే ఒక గేరు దించి, ఇంజన్‌ను కాస్త ఎక్కువ చుట్లలో ఉంచి ఎక్కించండి. ఇంజన్ అరుస్తోందని భయపడకండి. పై గేరులో మూలుగుతూ ఎక్కడమే దానికి హాని.

ఇప్పుడు మీ మెకానిక్ చెప్పిన మాట చూద్దాం. బెల్టు ఫ్యాను ఇంజన్ బలం తింటుందన్నది నిజమే. అయితే ఆ తిండి చుట్లను బట్టి ఉంటుంది: వేగం సగమైతే ఫ్యాను తీసుకునే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. హైవే మీద ఎక్కువ చుట్లలో పరుగెత్తే బండికి ఫ్యాను తీసేస్తే కొంత మిగులుతుందేమో గాని, ఘాట్‌లో పాకే బండికి మిగిలేది తక్కువ. పైగా కరెంటు ఫ్యాన్లకు కరెంటు ఆకాశం నుంచి రాదు. ఒక్కో ఫ్యాను 200 వాట్లదైతే రెండింటికీ కలిపి 400 వాట్లు కావాలి, అంటే మీ 12 వోల్టుల బండిలో సుమారు 33 ఆంపియర్లు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరులో, దాని బెల్టులో పోయే నష్టం కలుపుకుంటే అందుకు ఇంజన్ ఖర్చుపెట్టేది దాదాపు ఒక హార్స్‌పవరు. రాత్రి హెడ్‌లైట్లు మరో తొమ్మిది, పది ఆంపియర్లు అడుగుతాయి. పాత ఆల్టర్నేటరు ఇంత భారం మోయగలదా లేదా అన్నది దాని మీద అతికించిన పట్టీ చూస్తే తెలుస్తుంది. అది చూడకుండా ఫ్యాన్లు కొనడం గోచీ చూసుకోకుండా ఏట్లో దిగడమే. అన్నిటికన్నా ముఖ్యం, చిన్న కారు రేడియేటరు కోసం చేసిన ఫ్యాను, టన్ను బరువుతో కొండెక్కే డీజిలు ఇంజన్ వేడిని ఊదేయగలదన్న హామీ ఏదీ లేదు. దారి మధ్యలో ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు, అంటే రిలే, కాలిపోతే మీకు తెలిసేసరికి ఇంజన్ హెడ్డు కింద ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది. బెల్టు ఫ్యానుకు అటువంటి రోగం లేదు. బెల్టు తెగితే వెంటనే ఛార్జింగ్ లైటు వెలుగుతుంది.

కాబట్టి మీరు చేయించవలసినది వేరు. రేడియేటరును బండి నుంచి దింపించి, వెలుతురుకు అడ్డంగా పట్టి రెక్కల సందుల్లోకి చూడండి. మీ దారిలో ఎర్రమట్టి, ఎండిన ఆకులు, పురుగులు కలిసి అక్కడ పిడకలా పేరుకుపోయి ఉంటాయన్నది నా అనుమానం. బయట నుంచి నీటి పైపు కొడితే అది ఇంకా లోపలికి దిగుతుంది. ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో కడిగించండి. లోపల తుప్పు పేరుకుంటే గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేసే రాడ్డింగ్ చేయించాలి. ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు, అంటే ష్రౌడు, ఉందో లేదో చూడండి. పాత బళ్లలో దాన్ని ఎప్పుడో పీకి పారేసి ఉంటారు. అది లేకపోతే ఫ్యాను తన చుట్టూ ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది తప్ప రేడియేటరు గుండా లాగదు.

ఆ తర్వాత చూడవలసినవి, వేడిని బట్టి నీటిని రేడియేటరులోకి వదిలే థర్మోస్టాట్, ఆపైన రేడియేటరు మూత. మూతను చాలామంది లెక్కచేయరు. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మామూలు నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలబెట్టలేకపోతే, కింద చోడవరంలో ఓర్చుకున్న నీరు పైకి వెళ్లాక పొంగుతుంది. ఉత్త నీరు కాకుండా కూలెంటు సగానికి సగం కలపండి, మూత కొత్తది వేయండి. ఇవన్నీ చేశాక కూడా ముల్లు ఎగబాకితే అప్పుడు ఒక కరెంటు ఫ్యానును సాయంగా పెట్టవచ్చు, ఇంజన్ ఫ్యానును ఉంచే.

టైర్ల గురించి మరో రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. 235/75 ఆర్ 15 టైరుకు కనీసం ఆరంగుళాల వెడల్పున్న రిమ్ము కావాలి. టైరు పక్కన కొలత తర్వాత ఉండే అంకె బరువుకు గుర్తు: 105 అని ఉంటే ఒక్కో టైరు మోసేది 925 కిలోలే. కారు తరగతి టైరు వేసి ఉంటే, లోడుతో వెనక ఇరుసు మీద పడే బరువును వేబ్రిడ్జి మీద తూయించి పోల్చుకోండి. టైరు భుజాలకు సుద్దముక్కతో గీత గీసి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోడుతో గుంతలో దింపి, ఆ గీత ఎక్కడైనా చెరిగిందేమో చూడండి. చెరిగిన చోట టైరు దేనికో తగులుతోందన్నమాట. దిగేటప్పుడు ఇంజన్ పట్టి ఆపే బలమూ, బ్రేకు పట్టూ కూడా అదే నాలుగు శాతం తగ్గాయి గనుక కాఫీ బస్తాలతో దిగేటప్పుడు ఇదివరకటికన్నా ఒక గేరు కిందనే ఉండండి. స్టెప్నీ ఇంకా పాత కొలతదే అయితే దాన్నీ మార్చండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ ప్రకారం అటువంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మీ మోడలుకు ఈ కొలతను కంపెనీ అనుమతించిందో లేదో డీలరు దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి. ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లవలసిన బండి మీది. అనుమతి లేదంటే పాత కొలతకే తిరిగి వెళ్లమంటాను. ఒకటిన్నర సెంటీమీటరు కోసం ఇంత తంటా అక్కరలేదు.

ప్రశ్న: మా ఇంట్లో పాత మహీంద్రా ఎం.ఎం. 540 జీపు ఉంది, పొలానికీ ఊరికీ తప్ప తిరగదు, బరువు మోయదు. దానికి కరెంటు ఫ్యాను ఒకటి పెట్టాలని సరదా. రేడియేటరుకు ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? వైరింగులో జాగ్రత్తలేమిటి?
— ఒక పాఠకుడు, నిజామాబాదు

జవాబు: బరువు మోయని బండికి అభ్యంతరం లేదు. చోటుంటే వెనక, ష్రౌడుతో సహా పెట్టండి. ముందు పెడితే ఎదురుగాలికి అడ్డు. వెనకకు లాగే ఫ్యానును ముందు బిగించి, వైర్లు తిరగేసి ఉల్టా తిప్పితే సరిపోతుందని కొందరంటారు. మోటారు తిరుగుతుంది నిజమే గాని రెక్క వంపు తిరగబడదు, గాలి బాగా తగ్గుతుంది.

వైరు 4 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ రానూపోనూ ఆరు మీటర్లు లాగితే, 15 ఆంపియర్లకు అందులోనే ఒక వోల్టు పోయి ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, దాని తర్వాత 40 ఆంపియర్ల రిలే, అక్కడి నుంచి ఫ్యాను. ఎర్తు వైరును రంగు గీకేసిన ఛాసిస్ మీద బిగించాలి. రిలేను నడిపే టెంపరేచర్ స్విచ్చు సుమారు 90 డిగ్రీల దగ్గర కలిసేది తీసుకుని, ఇంజన్ నుంచి వేడి నీరు బయటికి వచ్చే పైగొట్టం దగ్గర అమర్చండి. డ్యాష్‌బోర్డు మీద చేత్తో వేసే స్విచ్చు మరొకటి ఉంచుకుంటే వాగు దాటేటప్పుడు ఫ్యాను ఆపవచ్చు. తిరిగే రెక్కలు నీటిలో మునిగితే వంగి రేడియేటరును చీరేస్తాయి.

బిగించాక బండి నిలిపి ఉంచి, ఫ్యాను తిరుగుతుండగా గ్రిల్లు ముందు ఒక న్యూస్‌పేపరు పట్టుకోండి. కాగితం గ్రిల్లుకు అంటుకుని నిలబడితే గాలి లాగుతున్నట్లు. మీ ముఖం మీదికి ఎగిరితే వైర్లు తిరగబడ్డట్లు.